మోచేతి మడతలో ఇల్లు

నాచారం,
ఆగస్టు 14, 1988.

చి. ఛాయాదేవికి మామ్మ ఆశీస్సులు.

ఇక్కడ అంతా క్షేమమే, ఒక్క దుర్గమ్మక్క కోపం తప్ప. ఆ కోపం నీ మీదే. పోయిన ఉత్తరంలో నువ్వు పెట్టిన గుడ్డముక్కను అక్క రెండు వైపులా వాసన చూసి నా ఒళ్లోకి విసిరేసింది. "ఛాయ ఎక్కడ రాసిందే? సబ్బు రాసింది!" అంది. చూపు పోయి, వినికిడి కూడా పోయిన మనిషికి ఉత్తరమంటే ఆ గుడ్డముక్కేనని నీకు తెలుసు. ఒక రాత్రి మెడకు చుట్టుకుని పడుకున్న గుడ్డ పంపాలి. ఉతికి ఇస్త్రీ చేసింది పంపితే తెల్లకాగితం పంపినట్టే. ఈసారి సరిగ్గా రాయి.

ఇక నా సంగతి. నవ్వకుండా చదువు. అరవై రెండో ఏట నాకు ఉద్యోగం వచ్చింది. నాకు కాదు, నా ముక్కుకు. నేను పనిచేసిన లాలాపేట బడిలోనే లెక్కలు చెప్పిన టీచరుగారి అబ్బాయి ఉమామహేశ్వర్ ఇక్కడి పారిశ్రామికవాడలో ఎసెన్సుల కార్ఖానా నడుపుతున్నాడు. పాలు విరగబోతున్నాయని పూట ముందే చెప్పే ముక్కని వాళ్లమ్మ నా గురించి చెప్పిందట. పొద్దున పూట వచ్చి సరుకు వాసన చూసి పెట్టమని అడిగాడు. అక్కకు అన్నం పెట్టి వెళ్లి, మళ్లీ అన్నం వేళకు వచ్చేస్తాను. ఆ కాసేపు పక్క వాటాలో వాళ్లు చూస్తారు.

ముప్పై ఏళ్లు నేను పరీక్షనాళికలో చేసి చూపించిందే వీళ్లు పీపాల్లో చేస్తున్నారు. ఒక ఆమ్లం, ఒక ఆల్కహాలు, కాస్త గాఢ సల్ఫ్యూరికామ్లం, కింద వేడినీళ్ల తొట్టి. అనాస ఎసెన్సుకు మూలం ముక్కిపోయిన వెన్న కంపు కొట్టే బ్యుటిరికామ్లం. అది, ఘాటైన ఆల్కహాలు, రెండూ కాగుతూ తమ తమ వాసనలు వదిలేసుకుంటాయి. నీరు విడిపోతుంది. అనాసపండు వాసన పుడుతుంది. "మరి ఆ పాత వాసనలు ఎక్కడికి పోయాయి టీచర్?" అని ప్రతి తరగతిలో ఒక పిల్ల అడిగేది. "ఎక్కడికీ పోలేదు, కూర్చో" అనేదాన్ని.

నా పని ఇది. అద్దుడు కాగితపు పేలికను కొత్త సరుకులో ముంచి చూడాలి, ఇంకొకటి నమూనా సీసాలో ముంచి చూడాలి. రెండూ ఒకటైతే సరే, కాకపోతే వెనక్కి. మొదటిరోజు కొన్ని సీసాలు చూసేసరికి అరటికీ ఆపిల్‌కీ తేడా తెలియలేదు. సీసాలు కడిగే మల్లవ్వ చూసి, "అమ్మా, ముక్కు మొద్దువారింది. జర ఇంటికి పోయి రాండ్రి" అంది. నేను సంచీ తీసుకుని లేచాను. ఆవిడ పడీ పడీ నవ్వింది. "ఏడికి పోతున్రు? గా ఇల్లు గాదమ్మా, గిది!" అని తన మోచేతి మడత చూపించింది. ముక్కు అలిసినప్పుడు మోచేతి మడతలో పెట్టి నాలుగు ఊపిర్లు పీల్చాలట. మన ఒంటి వాసన మనకు తెలియదు కనుక ముక్కు మళ్లీ మొదటికి వస్తుంది. చేసి చూశాను. వచ్చింది. శాస్త్రమే.

కూర్చోవడానికి వెడల్పు చేతుల పేము కుర్చీ ఇచ్చారు. నడుముకు హాయిగా ఉంది.

మీ కాలేజీ ల్యాబులో మంట మీద నేరుగా ఏ ఎస్టరూ కాచకు. నీళ్ల తొట్టి వాడు.

మామ్మ.


వాల్తేరు,
ఆగస్టు 27, 1988.

మామ్మా,

నవ్వాను. క్షమించు. హాస్టలు గదిలో అందరికీ చదివి వినిపించాను, వాళ్లూ నవ్వారు. "మీ మామ్మ ముక్కుకు జీతమైతే, మూతివిరుపుకు పింఛను ఎంతో?" అని ఒకతె అడిగింది. ఎవరో చెప్పను. సెలవులకు నాచారం రావాలనుకుంటోంది పాపం.

పెద్దమామ్మకు ఈసారి నిజంగా రాశాను. రెండు రాత్రులు మెడకు చుట్టుకున్న గుడ్డ. తుమ్మితే నా పూచీ లేదు.

నాకు మా ప్రొఫెసరు భూషణం గారు ఇచ్చిన ప్రాజెక్టు కూడా నీ పీపాల గొడవే. ఆమ్లమూ ఆల్కహాలూ కలిసి ఎస్టరు కావడం ఎంతవరకు సాగుతుంది, ఎక్కడ ఆగుతుంది, వెనక్కి ఎలా తిరుగుతుంది అని. పుట్టిన నీటిని బయటికి తీసేస్తూ పోతే ముందుకే సాగుతుంది. నీరు పోస్తే వెనక్కి నడిచి, వదిలేసుకున్న పాత వాసనలు మళ్లీ తెచ్చుకుంటుంది. నిన్న ఒక కుప్పెలో అనాస నా కళ్ల ముందే మళ్లీ ముక్కిన వెన్న అయింది. అంటే మీ తరగతి పిల్ల సరిగ్గానే అడిగింది. పాత వాసనలు ఎక్కడికీ పోవు, వేచి ఉంటాయి.

నేనూ మోచేతి మడత వాసన చూసుకున్నాను. ఏమీ లేదు. ఇదేం ఇల్లు మామ్మా? తలుపు తీస్తే లోపల ఎవరూ లేరు! నీ ఇల్లు మాత్రం నాకు తెలుసు. నువ్విచ్చిన పాత వాయిలు చీర దుప్పటిగా కప్పుకుంటున్నానుగా. కుంకుడుకాయ, సుద్దముక్క, కొంచెం ఇంగువ. ఇంటి మీద బెంగ పుట్టినప్పుడు కొంగు ముఖం మీదికి లాక్కుంటాను. అందుకే దాన్ని ఉతకలేదు. తిట్టకు.

ఛాయ.


నాచారం,
అక్టోబరు 30, 1988.

చి. ఛాయకు,

చీర ఉతుకు.

ఇక్కడ ఉమామహేశ్వర్ సంతోషానికి పట్టపగ్గాలు లేవు. గిరాకీ పెరిగిందట. మల్కాజిగిరి బిస్కెట్ల ఆసామి ఒకాయన స్వయంగా వచ్చి, "ఏం కలుపుతున్నారండీ? మీ అనాస తింటే మా ఇంట్లో తిన్నట్టుంటోంది" అన్నాడు. వాళ్లింట్లో ఎన్నడైనా అనాసపండు కోశారా అని అడిగాను. లేదన్నాడు. మరి ఎలా గుర్తొచ్చిందో ఆయనకే తెలియాలి.

ఒక సంగతి జరిగింది. చూసింది చూసినట్టు రాస్తున్నాను. దసరా సెలవుల తర్వాత కార్ఖానా తెరిచిన రోజున పేలికలు చూస్తూ, ముక్కు అలిసి మోచేతి మడతలో పెట్టుకున్నాను. అక్కడ మరువం వాసన వచ్చింది. నేను మరువం పెట్టను. పెరట్లో లేదు. బస్సులో నా పక్కన మొగవాళ్లే కూర్చున్నారు. ఇంటికి వచ్చి శనగపిండితో రుద్ది కడుక్కున్నాను. పోయింది. మర్నాడు కుర్చీలో కూర్చుని మోచెయ్యి ఎత్తగానే మళ్లీ మరువం. ఇంటి నుంచి చెక్క కుర్చీ తెప్పించుకుని కూర్చున్నాను. రాలేదు. పేము కుర్చీకి మారాను. వచ్చింది. మళ్లీ మార్చి చూశాను. అదే ఫలితం.

మల్లవ్వను పిలిచి చెయ్యి చూపించాను. ఆవిడ ఒక్కసారి వాసన చూసి వెనక్కి జరిగింది.

"గిది సాలమ్మ వాసన. కొప్పుల మరువం లేంది పనికి రాకపోతుండె. మీకు ముందు గీ కుర్సీల గామెనే కూసుంది."

"ఆవిడ ఎందుకు మానేసింది?"

"ఊకె ఇంటికి పోతే ఇల్లు అరుగుతదమ్మా."

నాకు విసుగొచ్చి, వెళ్లి సీసాలు కడుక్కోమన్నాను. అయితే ఆ మాట ఇంటికి వచ్చాక కూడా చెవిలో ఉంది. నీ వివరణ రాయి. ఎమ్మెస్సీ చదువుతున్నావు కదా.

నీ గుడ్డముక్క అక్క దిండు కింద ఉంది. "పిల్లకు జలుబు చేసింది" అంటోంది. నిజమేనా?

మామ్మ.


వాల్తేరు,
నవంబరు 12, 1988.

మామ్మా,

జలుబు నిజమే. పెద్దమామ్మకు ఏ డాక్టరూ సరిపోడు.

వివరణ తేలిక. పేము ఊరికే నూనె పీల్చుకుంటుంది. సాలమ్మ ఏళ్ల తరబడి నూనె రాసుకున్న చేతులు, కొప్పు ఆ కుర్చీకి ఆన్చి ఉంటుంది. నువ్వు కూర్చుంటే నీ ఒంటి వేడికి అది కరిగి నీ మోచేతికి అంటుతోంది. చెక్క కుర్చీకి ఆ నూనె లేదు, కనుక రాలేదు. నీ ప్రయోగమే నా వైపు సాక్ష్యం. కుర్చీని స్పిరిట్‌తో తుడిపించు, మరువం పోతుంది. నూటికి నూరు వెయ్యి.

దసరా దాకా ఎందుకు రాలేదంటావా? ఆ ప్రశ్న నువ్వు అడుగుతావని తెలుసు. దానికి జవాబు లేదు. తొంభై వెయ్యి.

ఇంకొకటి తమాషాకు రాస్తున్నాను. సగంలో ఆగాల్సిన చర్య ఆగకుండా ముందుకే పోతోందంటే, ఎవరో పక్కనుంచి ఏదో ఒకటి బయటికి తీసేస్తున్నారని అర్థం. మీ సరుకు అంత బాగా పోతోంది కదా. మీ దగ్గర బయటికి పోయేదేమిటో చూసుకో మామ్మా.

తమాషాకే అన్నాను. అయినా మోచేతి దాకా ఊరికే పోకు.

ఛాయ.


నాచారం,
డిసెంబరు 11, 1988.

చి. ఛాయకు,

కుర్చీని స్పిరిట్‌తో తుడిపించాను. మరువం పోయింది. నువ్వు చెప్పిందే సరి.

చలి ఎక్కువగా ఉంది. అక్క అన్నం కొంచెం తగ్గించింది. నీ గుడ్డముక్క అందింది. అక్క రోజంతా చేతిలోనే పెట్టుకుంది.

పరీక్షలకు చదువు. ఇంతే.

మామ్మ.


వాల్తేరు,
జనవరి 5, 1989.

మామ్మా,

నువ్వు నా జన్మలో "ఇంతే" అని ఉత్తరం ముగించలేదు. కార్డు చివర జాగా మిగిలితే రసాయన సమీకరణం రాసి నింపే మనిషివి.

నాన్న కాజీపేట నుంచి రాశాడు. పోయిన వారం మిమ్మల్ని చూడటానికి వచ్చినప్పుడు పెద్దమామ్మ తన చెయ్యి పట్టుకుని, "ఒరే, కనకం ఏ ఊరెళ్లిందిరా? చెప్పకుండా వెళ్లింది" అని అడిగిందట. ఆ కనకానివి నువ్వు పక్కనే నీళ్ల చెంబుతో నిలబడి ఉన్నావట. వయసు మీద పడిందిలే అని నాన్న సరిపెట్టుకున్నాడు. పెద్దమామ్మ నా జలుబు పట్టుకున్న మనిషి. ఆ ముక్కుకు వయసేమిటి?

ఇంకొకటి. రాయడానికి చెయ్యి రావడం లేదు. మొన్న రాత్రి బెంగగా ఉండి నీ వాయిలు చీర కొంగు ముఖం మీదికి లాక్కున్నాను. ఏమీ లేదు. కుంకుడుకాయ లేదు, సుద్ద లేదు. నీ మీద ఒట్టు, ఉతకలేదు. ఎవరికీ ఇవ్వలేదు. నా ముక్కే పాడైందేమోనని పక్కమంచం పిల్లను చూడమన్నాను. "కొత్త చీరా? ఎవరూ కట్టినట్టు లేదే" అంది.

చూసింది చూసినట్టు రాయాలి, ఊహించింది గీత కింద రాయాలి అని నాకు నేర్పింది నువ్వే. రాయి మామ్మా.

ఛాయ.


నాచారం,
జనవరి 15, 1989.

ఛాయా,

అలాగే. చూసింది ముందు.

కార్తీకం వెళ్లాక ఒక మధ్యాహ్నం నేను అన్నం కలిపి ముద్ద అందించబోతే, అక్క ఎప్పటిలాగే ముందు నా మణికట్టు పట్టుకుని వాసన చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నా చెయ్యి మర్యాదగా పక్కకు పెట్టింది. "ఎవరమ్మా నువ్వు? చెయ్యి మెత్తగా ఉంది, మంచిదానివే. కనకాన్ని పిలుస్తావా?" అంది. అరచేతిలో వేలితో క, న, కం అని రాశాను. నవ్వింది. "పేరు ఎవరైనా రాస్తారమ్మా" అంది.

ఆనాటి నుంచి నా చేతి అన్నం తినలేదు. పక్క వాటా ఆవిడ పెడితే రెండు ముద్దలు తిని, "కనకం వచ్చాక తింటాను, అలా మూసి ఉంచండి" అంటోంది. ఆ మూసిన కంచం ముందు నేను కూర్చుని ఉంటాను.

నిన్న ఉప్పల్ వెళ్లాను. ద్రాక్షతోటలు దాటాక, చిలకానగర్‌లో సాలమ్మ ఇల్లు. నలభై ఏళ్ల మనిషి, నిక్షేపంలా ఉంది. కొప్పులో మరువం. నేను పేరు చెప్పకముందే గొంగడి పరిచింది.

"రాండ్రి అమ్మా, కూసోండ్రి. మీరు వస్తరని ఎరికే."

ఎలా అడగాలో తెలియక పాడి ఎలా ఉందని అడిగాను. దొడ్లో గేదె కనిపిస్తోంది మరి.

"గా బర్రెనే చెప్తది మీకు నా సంగతి," అంది. "దూడప్పటి సంది నేనే సాకిన. గా కుర్సీల కూసున్నంక ఒకనాడు పాలు పిండవోతే తన్నింది నన్ను. ఎవల్నో సూసినట్టు సూసింది. నా తోటికోడలు నా చీర కట్టుకొని పోయింది. గట్ల చీర కట్టుకుంటే ఏ బర్రె అయినా మోసపోతదమ్మా, అదే మనిషనుకొని పాలిస్తది. మాది ఇయ్యలే. నా చీరల నేనే లేకపోతి, అదేం మోసపోతది?"

"కుర్చీ మానేశాక సర్దుకుందా?"

"లేదు. మానేసినా రాలే. సంవత్సరం దాంక రాలే. మొన్న దసరా ఎల్లినంక ఒక పొద్దుగాల దగ్గరికి పోతే నా చెయ్యి నాకింది. నేను ఏడ్చిన." ఆవిడ తల దించుకుంది. "మీరు కూసుంటున్రని మల్లవ్వ చెప్పింది. వచ్చి వద్దని చెప్దామనుకున్న. పాలు మల్ల రావట్టె. ఊకున్న."

ఆవిడే మళ్లీ అంది: "నాకు గూడ మొదట్ల మోచేతుల జర్దా వాసన వచ్చిందమ్మా. నేనెన్నడు జర్దా ఏసుకోలే. నాకు ముందు ఎవలు కూసున్రో, వాళ్లింట్ల ఎవలు ఎదురుచూసిన్రో."

ఇక గీత కింద.

ఆ కుర్చీ ఒక మనిషిని పట్టుకుంటుంది. కొత్త మనిషి నిండాక పాత మనిషిని వదులుతుంది. వదిలినది కొద్దిరోజులు కొత్తవాళ్ల చేతి మీద నిలిచి, తన సొంతదారు దగ్గరికి పోతుంది. కుర్చీ లోంచి లేచినంత మాత్రాన తిరిగి రాదు. మరొకరు కూర్చోవాలి. ఇది నిజమని నేననను. ఇంతకంటే సరిపడే ఊహ నాకు దొరకలేదు, అంతే.

కుర్చీని కాల్చేయమని ఉమామహేశ్వర్‌తో అనబోయాను. అందులో ఉన్నది కూడా కాలిపోతుందేమోనని నోరు రాలేదు. ఎవరినీ అందులో కూర్చోబెట్టనని అతని చేత ఒట్టు వేయించుకున్నాను. గోదాములో మూలకు వేయించాడు. ఉద్యోగం మానేశాను. అక్కను తీసుకుని కాజీపేట వెళ్తున్నాను. మీ అమ్మ చెయ్యి అక్కకు తెలుసు, కాస్తయినా తింటుంది.

నువ్వు చదువైనా, పరీక్షైనా, మరేదైనా సాకుతో ఆ కార్ఖానా గేటు దాటకూడదు. ఇది బతిమాలడం కాదు.

మామ్మ.


కాజీపేట,
మార్చి 26, 1989.

చి. ఛాయకు,

నీకు పరీక్షలు దగ్గరపడ్డాయి, రాయకూడదనుకున్నాను. నువ్వు మీ నాన్నను గుచ్చి గుచ్చి అడుగుతున్నావట. అతను సగం సగం చెప్పే కంటే నేనే రాయడం మేలు.

మొన్న అక్క మీ అమ్మను కూర్చోబెట్టుకుని, "కనకం పోయిందని నా దగ్గర దాస్తున్నారు కదూ? నేను పెద్దదాన్నే, తట్టుకుంటాను. మైల ఉంచకండి, స్నానం చేయించండి" అంది. మీ అమ్మ ఏడుస్తూ అరచేతిలో లేదు, లేదు అని రాసింది. అక్క వినలేదు. మొండిపట్టు మా ఇంటి సొత్తు. రెండురోజులు పచ్చి మంచినీళ్లు ముట్టలేదు.

చివరకు బావి దగ్గర పీట వేసి నేనే స్నానం చేయించాను. నా చావు స్నానానికి నేనే నీళ్లు తోడి పోశాను. తల తుడుస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "నీకు పుణ్యముంటుంది తల్లీ. మా కనకం కూడా ఇలాగే తుడిచేది, నీకంటే కొంచెం మోటుగా" అంది.

అప్పటి నుంచి పాలు నాలుగు చెంచాలు. రైల్వే ఆసుపత్రి డాక్టరు జబ్బేమీ లేదంటాడు. తినకపోతే ఎండాకాలం దాటదు అని కూడా అంటాడు. నీ గుడ్డముక్క చేతిలో పెడితే మాత్రం ముఖం విప్పారుతుంది. "ఛాయ వచ్చింది" అంటుంది. అదే పట్టుకుని నిద్రపోతుంది.

పరీక్షలు బాగా రాయి. ఇంకేమీ ఆలోచించకు. జవాబు రాయకు.

మామ్మ.


హబ్సిగూడ,
మే 7, 1989.

ప్రియమైన మామ్మకు,

పరీక్షలు బాగా రాశాను. స్నేహితురాలి గదిలో దిగాను. ఇక్కడి పరిశోధనాలయంలో ఇంటర్వ్యూ పిలుపు వస్తుందని భూషణం గారు అన్నారు. అది వచ్చేదాకా చిన్న పని దొరికింది. ఫరవాలేదు, నీడపట్టునే.

ఎండలు మండిపోతున్నాయి. ఇక్కడి నీళ్లు వాల్తేరు నీళ్లకంటే నయం. మెస్సులో పప్పు పలచన. అంతా బాగుంది.

ఈ నాలుగు రోజులుగా ఎందుకో నువ్వు పక్కనే ఉన్నట్టుంది మామ్మా. పనిలో తల వంచినప్పుడల్లా కుంకుడుకాయ, సుద్దముక్క, కొంచెం ఇంగువ. ఎంత దగ్గరగా అంటే, వెనక్కి తిరిగితే అక్షింతలు పడతాయనిపించింది. ఇవాళ పొద్దున్నించి తగ్గిపోయింది. కాస్త దిగులుగా ఉంది, కాస్త సంతోషంగా కూడా ఉంది.

పెద్దమామ్మ అన్నం తిన్నదా? ఈ ఉత్తరం అందేసరికి తిని ఉంటుంది. తిన్నదో లేదో ఆ ఒక్క ముక్క వెంటనే రాయి.

పెద్దమామ్మకు గుడ్డముక్క పెడుతున్నాను. మూడు రాత్రులు కట్టుకుని పడుకున్నాను, బాగా రాయాలని.

నీ ఛాయ.


కాజీపేట,
మే 12, 1989.

ఛాయా,

టెలిగ్రాం ఈపాటికి అందే ఉంటుంది. అందులో రాసిందే మళ్లీ రాస్తున్నాను. లే. ఆ కుర్చీలోంచి ముందు లే, తర్వాత మిగతాది చదువు.

ఉమామహేశ్వర్‌కు ట్రంకు కాల్ చేయించాను. "మేడమ్, మీరే పంపారని చెప్పింది. గోదాము లోంచి ఆ కుర్చీ తనే తెచ్చుకుంది. మీకు తెలుసనుకున్నాను" అన్నాడు. ఫోను పెట్టేసే ముందు, మామిడి ఎసెన్సుకు గిరాకీ లేచిందని కూడా చెప్పాడు.

నువ్వు అడిగిన ముక్క రాస్తాను. దాచను.

సోమవారం పొద్దున అక్క పక్క దులుపుతూ ఒంగాను. ఒక్కసారిగా నా చెయ్యి లాగింది. మణికట్టు, మోచెయ్యి, భుజం వాసన చూసింది. వీపు మీద చెళ్లున కొట్టింది. "ఎక్కడికి పోయావే కనకం! ఇన్నాళ్లు ఎక్కడికి పోయావే!" అని అరిచింది. వీధిలో వాళ్లు తొంగి చూశారు. తర్వాత గోంగూర పచ్చడి అడిగింది. నేను కలిపి పెడితే కంచం ఊడ్చి తింది. తింటూనే తిట్టింది: "నీకు చావు స్నానం కూడా చేశానే దౌర్భాగ్యురాలా! ఎవరో పాపం మంచావిడ నీళ్లు పోసింది. ఆవిడెవరో కనుక్కుని చీర పెట్టాలి." నేను నవ్వాను. చాలా నెలల తర్వాత నవ్వాను. ఎందుకిలా జరిగిందని ఆ పూటంతా ఆలోచించలేదు. ఇంతకాలం పిల్లలకు ఏం నేర్పానో అది ఆ పూట నేనే పాటించలేదు. ఫలితం చూసి సంతోషించాను గాని, పీపాలో ఏం పడిందో చూడలేదు.

ఈ నాలుగు రోజులూ అక్క కడుపునిండా తింది. బుగ్గలు నిండుతున్నాయి.

ఇవాళ నీ ఉత్తరం వచ్చింది.

కుర్చీ లోంచి లేచినంత మాత్రాన తిరిగి రాదని నాకు తెలుసు. మరొకరు కూర్చోవాలి. ఆ మరొకరు నేనే. ఈ ఉత్తరం వెనకే మొదటి బండికి వస్తున్నాను. నువ్వు వాదిస్తావు. సమతాస్థితి అంటావు, నీరు అంటావు, నాకు బతకడానికి నా వాసనతో పనేముంది మామ్మా అంటావు. నీకు ఇరవై రెండేళ్లు. నిన్ను ఎవరు ఎక్కడ చీకట్లో వెతుక్కోవలసి వస్తుందో నీకేం తెలుసు? నా దగ్గర ఒక పళ్లెంలో అక్క ఉంది, ఒక పళ్లెంలో నువ్వున్నావు. త్రాసు పట్టుకోవడం నా వల్ల కావడం లేదు. అయినా వస్తున్నాను.

నువ్వు పంపిన గుడ్డముక్కను ముందు నేనే దాచేద్దామనుకున్నాను. కాగితం చప్పుడు వినపడని మనిషికి పోస్టు వచ్చిన సంగతి ఎలా తెలుస్తుందో, చెయ్యి చాచింది. ఇచ్చాను. ఒక వైపు వాసన చూసింది. రెండో వైపు చూసింది. విసిరేస్తుందనుకున్నాను. విసిరెయ్యలేదు. మెల్లగా నాలుగు మడతలు పెట్టి నా అరచేతిలో ఉంచింది.

"ఇందులో సబ్బు కూడా లేదే కనకం," అంది. "ఛాయ ఉత్తరాలు రాయడం మానేసిందా?"

మామ్మ.